సుత్తి కోసం వెతికితే

మెటల్ డిటెక్టర్‌కు లోహాన్ని పసిగట్టడం పుట్టిన నాటి నుంచీ వచ్చు. దేన్ని పట్టించుకోకూడదో నేర్చుకోవడానికే దానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే రావడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది. వైద్యులు గాయంలో వేళ్లు పెట్టి వెతుకుతుంటే, టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరంతో వచ్చాడు. అందులో తీగచుట్టలు ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టేసేలా అమర్చి ఉంటాయి. రిసీవర్ చెవికి పెట్టుకుంటే నిశ్శబ్దం. లోహం దగ్గరికొస్తే ఆ తూకం చెడి చప్పుడు వినిపిస్తుంది. అంతర్యుద్ధంలో తగిలిన తూటాలు ఒంట్లోనే ఉండిపోయిన మాజీ సైనికుల మీద చూస్తే చక్కగా పనిచేసింది.

అధ్యక్షుడి పక్క మీద మాత్రం ఎక్కడ పెట్టినా సన్నటి మోతే. పరుపులో ఉక్కు తీగలున్న సంగతి తర్వాత బయటపడింది. పైగా తూటా కుడివైపే ఉందని పట్టుబట్టిన పెద్ద డాక్టరు అటే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు దొరికింది. యంత్రాన్ని తప్పుపట్టలేం. లోహం ఉందంది, నిజంగానే ఉంది.

ఆ తర్వాత కథ త్వరగానే నడిచింది. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన గెర్హార్డ్ ఫిషర్ విమానాలకు రేడియోతో దిక్కు చూపే పరికరాల మీద పనిచేస్తూ, ఖనిజాలున్న చోట అవి దారితప్పుతున్నాయని గమనించాడు. ఆ లోపాన్నే ఉపకరణంగా మార్చి 1937లో పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పోలండ్ అధికారి యూజెఫ్ కొసాట్స్కి స్కాట్లండ్‌లో ఉండి, మందుపాతరలు పసిగట్టే పరికరాన్ని తయారుచేశాడు. దాని బరువు 14 కిలోలకు కాస్త తక్కువ. 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో 500 పరికరాలు దిగాయి. కొసాట్స్కి పేటెంట్ తీసుకోకుండా దాన్ని బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఇలాంటి సైనిక పరికరాలే సరదాగా నాణేలు వెతికేవాళ్ల చేతికొచ్చాయి.

కానీ పొలంలో పాతబడ్డ మేకులు, కర్రు ముక్కలు, ఎద్దు నాడాలు, సీసా మూతలు ఎన్ని ఉంటాయో రైతును అడగండి. మేకుకూ వెండి నాణేనికీ ఒకటే కూత వేసే మిషన్‌తో రోజంతా గుంతలు తవ్వడమే మిగులుతుంది. దీనికి పరిష్కారం 1970లలో కుదిరింది. చుట్టలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చే కరెంటు పారుతుంది. దాంతో పుట్టిన అయస్కాంత క్షేత్రం నాణేన్ని తాకగానే అందులో సుడి ప్రవాహాలు మొదలై, బలహీనమైన క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి. ఆ జవాబు ఎంత గట్టిగా వచ్చిందన్నదే కాదు, ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదీ కొలవాలి. వెండి, రాగి లాంటి మంచి వాహకాల్లో సుడులు ఎక్కువసేపు నిలుస్తాయి. పల్చటి రేకులో వెంటనే ఆరిపోతాయి. ఇనుము తానే అయస్కాంతమై వేరే తీరున పలుకుతుంది. ఇనుప ఖనిజాలున్న నేల కూడా పలుకుతుంది కాబట్టి, దాని వంతును కూడా తీసేయాలి.

అయితే ఈ వడపోతకూ ఒక చిక్కుంది. మన శాతవాహనులు సీసంతో విరివిగా నాణేలు పోయించారు. ఆ వంశపు తొలి రాజుల నాణేలు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికాయి. రాగితో పోలిస్తే సీసానికి కరెంటు ప్రసరించే గుణం సుమారు పన్నెండో వంతే. అందుకే చెత్తను వడకట్టమని మీట గట్టిగా తిప్పితే, చెత్తతోపాటు శాతవాహనుడూ పోవచ్చు.

ఇక లోతు సంగతి. దూరం రెట్టింపయితే చిన్న వస్తువు నుంచి వచ్చే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే మామూలు మిషన్‌కు ఒంటరి నాణెం జానెడు లోతులో అందితే గొప్పే. పది మీటర్ల కింది లంకెబిందెలను చూపిస్తామంటూ లక్షలు అడిగేవాళ్లను నమ్మకండి. చుట్టే లేని ఉత్తుత్తి డిటెక్టర్లను ఇరాక్ భద్రతా దళాలకు బాంబులు పట్టడానికి అమ్మిన వ్యాపారికి 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు విధించింది.

పొలంలో వెతుకులాట అంటే నాకు గుర్తొచ్చేది ఇంగ్లండ్‌లోని హోక్స్‌నె. 1992 నవంబర్‌లో ఒక రైతు తన సుత్తి పోయిందంటే, అతని స్నేహితుడు ఎరిక్ లాస్ డిటెక్టర్‌తో వెతకడానికి వెళ్లాడు. రోమన్ల కాలపు బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. లెక్క తేలేసరికి సుమారు 15,000. నేను మెచ్చేది అతని అదృష్టాన్ని కాదు, చేతిని వెనక్కి తీసుకోవడాన్ని. తవ్వకం మధ్యలోనే ఆపి అధికారులకు కబురు పెట్టాడు. మర్నాడు పురాతత్వ నిపుణులు వచ్చి, ఏ వస్తువు ఎక్కడుందో కదపకముందే చూడగలిగారు. ఆ సొత్తు దాచిన చెక్కపెట్టె జాడలు సైతం దొరికాయి. బ్రిటన్ చెల్లించిన 17.5 లక్షల పౌండ్లను అతను రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మన దగ్గర పొలం మీదే అయినా, అందులో దొరికిన నిధి అలా మీదైపోదు. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటినదేదైనా నేలలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికే వస్తాయి. అలాంటి వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి. కాబట్టి మీ చేలో మిషన్ కూసి పాత నాణెం ఒకటి కనిపిస్తే, రెండోదాని కోసం పలుగు పట్టకండి. ఉన్నదాన్ని ఉన్నచోటే ఫొటో తీసి, లోతు రాసుకుని, ముందు అధికారులకు చెప్పండి.