డాలరు ఆటకు సమీక్ష ఎందుకు?

కాఫీ ఖరీదు కూడా చేయని ఆట మీద నాలుగు పేజీల సమీక్ష అవసరమా, కొని చూసుకుంటే పోలేదా? ఫోన్లలోనూ టాబ్లెట్లలోనూ ఆడుకునే చవక ఆటల గురించి రాసేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. సినిమాకు వెళ్ళే ముందో, పుస్తకం కొనే ముందో సమీక్ష చదివేది డబ్బు వృథా కాకూడదనే కదా. పోయేది డాలరే అయినప్పుడు సమీక్షకుడికి పనేముంటుంది? అద్దె దుకాణంలో తెచ్చుకొని, చదివి, మర్నాడు తిరిగిచ్చేసిన పాకెట్ నవలల్లో చాలావాటి విషయంలో మనమూ ఇలాగే అనుకున్నాం. విమర్శకులు వాటి జోలికి పెద్దగా పోలేదు.

నా ఉద్దేశంలో చవక ఆటకు సమీక్ష అవసరం ఖరీదైన ఆటకంటే ఎక్కువ. అరవై డాలర్ల ఆటకు మనం ఎంత చెల్లిస్తున్నామో డబ్బా మీదే రాసి ఉంటుంది. చవక ఆట అసలు ధర ఎంతో కొన్నాళ్ళు ఆడితే గాని తెలియదు.

ఈ పరిస్థితి ఒక్కసారిగా రాలేదు. 2008 జులైలో ఆపిల్ యాప్ స్టోరు తెరిచినప్పుడు అందులో సుమారు 500 యాప్‌లు ఉండేవి. అమ్మకపు ధరలో 70 శాతం తయారీదారుకు, 30 శాతం ఆపిల్‌కు. తొలిరోజుల్లో పేరు తెచ్చుకున్న ఆటల్లో ఒకటైన సెగా వారి సూపర్ మంకీ బాల్ ధర 9.99 డాలర్లు. కొద్ది నెలల్లోనే ధరలు కిందికి జారడం మొదలైంది. కారణం స్టోరు నిర్మాణంలోనే ఉంది. వేల యాప్‌ల మధ్య కొనుగోలుదారు కంటపడాలంటే ఎక్కువమంది దించుకున్న యాప్‌ల జాబితాలో పైన ఉండాలి. ధర తగ్గిస్తే దించుకునేవారు పెరుగుతారు, ఆట జాబితాలో పైకి పోతుంది, అక్కడ మరింతమంది కంటపడుతుంది. ఒకరు తగ్గిస్తే పక్కవాడూ తగ్గించక తప్పదు. ఈ పోటీ చివరికి స్టోరు అనుమతించిన కనిష్ఠ ధర 99 సెంట్ల దగ్గర ఆగింది. 2009లో డూడిల్ జంప్, అదే ఏడాది డిసెంబరులో ఫిన్లాండు సంస్థ రోవియో తెచ్చిన యాంగ్రీ బర్డ్స్, 2011లో ఆండ్రియాస్ ఇల్లిగర్ అనే జర్మన్ ఒంటరిగా తయారుచేసిన టైనీ వింగ్స్, అన్నీ ఆ ధరకే వచ్చాయి. మన దేశంలో ఇంకా దిగింది. 2015లో గూగుల్ భారతదేశంలో యాప్‌ల కనిష్ఠ ధరను 50 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించింది.

అయితే అసలు మార్పు 2009 అక్టోబరులో జరిగింది. ఉచితంగా ఇచ్చే యాప్‌ల లోపల కూడా వస్తువులు అమ్ముకోవచ్చునని ఆపిల్ అనుమతించింది. దాంతో ధర గుమ్మం దగ్గరి నుంచి ఇంటి లోపలికి మారింది. ఆట ఉచితం, ఆడుతూ ఉంటే నాణేలో రత్నాలో అయిపోతాయి, అవి కొనుక్కోవాలి. ఆ రత్నాలు కొంటున్నవారిలో పిల్లలున్నారు. తల్లో తండ్రో ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక తర్వాతి 15 నిమిషాల పాటు మళ్ళీ అడగకుండానే ఎన్ని కొన్నా ఖాతాలో పడే ఏర్పాటు అప్పట్లో ఉండేది. దీనిపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు చేయగా, కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఆపిల్ 2014 జనవరిలో ఒప్పుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లకు ఇలాగే ఒప్పుకుంది. ఉచితమని పిల్లల చేతికిచ్చిన ఆటలకు పెద్దలు చెల్లించిన ధరలో తిరిగొచ్చిన భాగం అది.

సమీక్షకుడెందుకు, స్టోరులో లక్షలమంది ఇచ్చిన నక్షత్రాలున్నాయిగా అనవచ్చు. ఆ నక్షత్రాలు ఎలా పుడతాయో తెలియడానికి 2014 నాటి డంజన్ కీపర్ ఉదాహరణ చాలు. 1997లో కంప్యూటర్ల కోసం వచ్చి ఎంతో పేరు పొందిన ఆటను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఫోన్లకు ఉచితంగా తెచ్చింది. నేల తవ్వి గదులు కట్టడం అందులో ప్రధాన వినోదం. ఫోను రూపంలో కొన్ని రాళ్ళు తవ్వాలంటే గంటలు, కొన్నింటికి రోజంతా వేచి ఉండాలి, లేదా రత్నాలు కొనాలి. యూరోగేమర్ పత్రిక దీనికి పదికి ఒకటి వేసింది. స్టోరులో నక్షత్రాలు మాత్రం అంత తక్కువగా లేవు. దానికో కిటుకు ఉంది. ఆండ్రాయిడ్ రూపంలో ఆట మధ్యలో "మీరు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని అడిగి రెండే మీటలు చూపేవారు. ఒకటి "1 నుంచి 4", రెండోది "5". అయిదు నొక్కినవారిని నేరుగా స్టోరుకు పంపేవారు. నాలుగు లోపు నొక్కినవారిని మీ అభిప్రాయం మాకు రాయండి అంటూ సంస్థ వైపు మళ్ళించేవారు. అసంతృప్తి ఉన్నవాడి మాట స్టోరు దాకా పోకుండా దారిలోనే ఆగిపోయేది. ఆ ఏడాది జులైలో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ ఈ ఆటను నిరాటంకంగా ఉచితమన్నట్టు ప్రచారం చేయడం తప్పుదోవ పట్టించడమేనని తీర్పు చెప్పింది.

నక్షత్రాలకు ఇంకో జబ్బు కూడా ఉంది. ధరను ముందుగా, నిజాయితీగా చెప్పినవాడిని అవి శిక్షిస్తాయి. లండన్‌కు చెందిన అస్‌టూ సంస్థ 2014 ఏప్రిల్‌లో 3.99 డాలర్లకు తెచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ ఈ మాధ్యమంలో వచ్చిన అందమైన ఆటల్లో ఒకటి. ఎక్కలేని మెట్లు, కళ్ళను మోసం చేసే గోడలు, వాటి మధ్య నడిచే ఒక చిన్న రాకుమారి. ఆ నవంబరులో కొత్త అధ్యాయాలు రాసి అదనంగా 1.99 డాలర్లు అడిగేసరికి, మళ్ళీ డబ్బా అంటూ ఒక్క నక్షత్రం ఇచ్చినవారు బయలుదేరారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చేరిన తమ ఆట ప్రతుల్లో 5 శాతానికే డబ్బు వచ్చిందని ఆ సంస్థే 2015 జనవరిలో వెల్లడించింది. ఒకరే రెండుమూడు పరికరాల్లో పెట్టుకున్న ప్రతులూ ఇందులో ఉన్నా, మిగతా కథ ఊహించుకోవచ్చు. 2016 డిసెంబరులో నింటెండో సూపర్ మారియో రన్ మొదటి భాగాన్ని ఉచితంగా ఇచ్చి మిగతాదానికి 9.99 డాలర్లు అడిగినప్పుడూ ఇదే గోల. ఒక్కసారి పదిడాలర్లు అడగడం నేరమయింది, రత్నాల పేరుతో నెలనెలా గుంజడం మామూలయింది.

ధర సంగతి అటుంచితే సమీక్షకుడు చేయగలిగిన పని మరొకటుంది, అది నాకు మరీ ఇష్టమైనది. 2014 ఫిబ్రవరిలో ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్‌లు థ్రీస్ అనే అంకెల ఆటను 1.99 డాలర్లకు విడుదల చేశారు. నాలుగు వరుసల, నాలుగు నిలువుల గడి. ఒకటీ రెండూ కలిస్తే మూడు, రెండు మూళ్ళు కలిస్తే ఆరు, రెండు ఆర్లు పన్నెండు. తయారీకి వారికి పట్టింది దాదాపు 14 నెలలు. నెల తిరిగేసరికి గాబ్రియేలే చిరుల్లి అనే పందొమ్మిదేళ్ళ ఇటాలియన్ కుర్రాడు వారాంతపు సెలవుల్లో 2048 అనే ఆట రాసి ఉచితంగా పెట్టాడు. ప్రపంచమంతా దాన్నే ఆడింది. పైకి చూస్తే రెండూ ఒకటే కాబట్టి, ఉచితంగా వచ్చేదానికి రెండు డాలర్లెందుకన్న మాట సహజంగానే వచ్చింది.

రెండూ వారం రోజులు ఆడినవాడికి తేడా తెలుస్తుంది. 2048లో వేలు జరిపితే పలకలన్నీ గోడ తగిలేదాకా జారిపోతాయి. పెద్ద అంకెను ఒక మూలన పెట్టుకుని రెండు దిక్కులకే మార్చిమార్చి జరుపుతూ పోతే పెద్దగా ఆలోచించకుండానే చాలా దూరం వెళ్ళవచ్చు. థ్రీస్‌లో పలక ఒక్క గడే కదులుతుంది. ఒకటి రెండుతోనే కలుస్తుంది, ఇంకో ఒకటితో కలవదు. రాబోయే పలక ఏదో ముందే సూచన ఉంటుంది, కాబట్టి ప్రతి కదలికకూ దాని చోటు చూసుకోవాలి. మొదటి దానిలో గెలిచే ఉపాయం ఒకసారి దొరికితే ఆట అయిపోయినట్టే, రెండో దానిలో అలాంటి ఉపాయం అంత తేలిగ్గా దొరకదు. ఆ పద్నాలుగు నెలలూ దేనికి పట్టాయో ఇక్కడ కనిపిస్తుంది. ఈ తేడాను మాటల్లో పెట్టడానికి సమీక్షకుడు కావాలి, నక్షత్రాలు చెప్పలేవు. అయినా బజారు తీర్పు మారలేదు. 2015లో థ్రీస్ కూడా ప్రకటనలతో ఉచిత రూపం తెచ్చుకోక తప్పలేదు.

కాబట్టి ఇలాంటి ఆటను ఎలా పరీక్షించాలి? మొదటి గంట చూసి రాసిన సమీక్షను నేను నమ్మను. మొదటి గంట అందరికీ తియ్యగానే ఉంటుంది, బహుమతులు కురుస్తాయి. కాఠిన్యం ఎప్పుడు పెరిగింది, పెరిగిన క్షణంలోనే అంగడి తలుపు తెరుచుకుందా అన్నది కనీసం పది రోజులు పైసా ఖర్చు పెట్టకుండా ఆడితేనే బయటపడుతుంది. విమానంలో, నెట్ లేనప్పుడు ఆట తెరుచుకుంటుందా? ప్రకటనను మూసే గుర్తు పిల్లల వేలికి అందేంత ఉందా, లేక దాన్ని మూయబోతే ఇంకో యాప్ తెరుచుకుంటుందా? ఆడటం మానేసిన మర్నాటి నుంచి రమ్మని ఎన్నిసార్లు పిలిచింది? ఏ తేదీన, ఏ వెర్షన్ ఆడి రాశారో సమీక్షలో చెప్పడం కూడా తప్పనిసరి. ఈ ఆటలు అచ్చయిన పుస్తకాల్లా నిలిచి ఉండవు. మెచ్చుకుని రాసిన ఆటలోకి మూడు నెలల తర్వాత రత్నాలు రావచ్చు, అప్పుడు పాత సమీక్ష అబద్ధమవుతుంది.

విదేశాల్లో పెరిగే పిల్లలకు అక్షరాలు నేర్పుతామంటూ వచ్చే తెలుగు ఆటల విషయంలో ఈ పని మనమే చేసుకోవాలి, ఇంగ్లీషు పత్రికలు చేయవు. చూడవలసినవి చాలా మామూలు విషయాలు. తెర మీద అక్షరం ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పమంటున్నారు, గొంతు ద-ధ, ల-ళ తేడాలు పలుకుతోందా, ఒత్తులూ గుణింతాలూ వచ్చేసరికి పాఠం ఆగిపోయి డబ్బు అడుగుతోందా, అమ్మ ఆవు మధ్యన ఏం ప్రకటన వస్తోంది. ళ అక్షరాన్ని ల అని పలికే ఆటను ఉచితం కదా అని వదిలేస్తే, ఆ పిల్లకు దాన్ని దిద్దేవారు ఇంట్లో ఎందరున్నారన్నది ఆలోచించాలి.

ఇంత శ్రమకు డబ్బు ఎవరిస్తారన్నది జవాబు తేలని చిక్కు. పది రోజులు ఆడి రాసిన వ్యాసాన్ని చదివేలోపు పాఠకుడు ఆటను దించుకుని, విసుగెత్తి, తీసేసి ఉంటాడు. ఆట ఉచితమయ్యాక కొనాలా వద్దా అని వెతికేవారే తగ్గారు. యాప్ స్టోరుతో పాటు 2008లోనే మొదలై ఈ ఆటలను పదహారేళ్ళు సమీక్షించిన టచ్ఆర్కేడ్ 2024 సెప్టెంబరులో మూతపడింది. దాని సమీక్షల్లో చాలావాటికి విషయమైన ఆటలు అప్పటికే లేవు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 పాత 32 బిట్ యాప్‌లను నడపడం మానేసింది, తయారీదారు తిరగరాయని ఆటలన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి. అవి ఎలా కదిలేవో, ఏ మలుపులో చెయ్యి తడబడేదో తెలుసుకోవాలంటే, ఎప్పుడో ఎవరో ఓపికగా రాసిన సమీక్ష దొరకాలి, లేదా పాత ఫోనును అప్‌డేట్ చేయకుండా సొరుగులో దాచుకున్నవాళ్ళను వెతుక్కోవాలి.