ఎద్దు తోక – దాని సంరక్షణము

ఒంగోలు జాతి పశువును బేరమాడువారు మూపురమును, గంగడోలును, కాళ్లను చూచి తుదకు తోకను చూతురు. పొడవైన తోకయు, వెనుకకాలి మడమను దాటి వ్రేలాడు నల్లని కుచ్చును ఆ జాతి లక్షణములు. గుండ్లకమ్మ మొదలు అల్లేరు వఱకు గల సీమ యీ జాతికి పుట్టినిల్లు. ఆ గుండ్లకమ్మ మన నల్లమలలోనే పుట్టి, కంభము చెఱువును నింపి దిగువకు పోవుచున్నది. కావున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల రైతులకు ఈ విషయము పరాయిది గాదు.

తోక వెన్నెముకకు తుదిభాగము. అందు 18 మొదలు 20 వఱకు చిన్నయెముక లుండును. గుఱ్ఱమునకు తోక పొడవునను వెండ్రుకలు పెరుగును. ఎద్దునకు కొనయందే కుచ్చుండును. అది చెడినచో ఈగలను తోలుకొను సాధనము పోయినట్లే. జోరీగలు రక్తము పీల్చుటయే గాక సర్రా రోగమును ఒక పశువునుండి మఱొక పశువునకు చేర్చును.

బండి యెత్తెక్కునపుడు తోక మెలిపెట్టుట మనలో పాతుకొనిన దురలవాటు. దానివలన కీళ్లు తొలగును, ఎముక విఱుగును, నరములు చెడును. అట్టి తోక చచ్చినట్లు వ్రేలాడి, పేడతో తడిసి పుండ్లుపడును. సంతలో వెలయు తగ్గును. ఎద్దు కదలకున్నచో కారణము బరువునందో, కాడిపుండునందో, గిట్టయందో యుండును గాని తోకయందుండదు. పశువునకు అనవసరముగా బాధ కలిగించుట 1960వ సంవత్సరపు చట్టము ననుసరించి నేరము గూడ.

సంరక్షణవిధము:

1. వారమున కొకమారు కుచ్చును కడుగవలెను. వేసవిలో నీటికెంత యిబ్బంది యున్నను, ఒక్క బక్కెట్టులో కుచ్చును ముంచి కుంకుడురసముతో రుద్దిన చాలును.

2. ఎండిన పేడగడ్డలను లాగరాదు, నానబెట్టి విడదీయవలెను. పల్లేరుకాయలు చిక్కుకొన్నచో ప్రక్కగా నిలిచి, కొననుండి మీదికి వ్రేళ్లతో చిక్కు తీయవలెను. కుచ్చును కత్తిరింపరాదు.

3. తోకమొదట, అడుగుప్రక్కను పిడుదులు దాగును. వానిని ఏరి కిరసనాయిలులో వేయవలెను. నేలపై విడిచిన ఆడపిడుదు వేలకొలది గ్రుడ్లు పెట్టును.

4. గాయము కనబడినచో శుభ్రపఱచి, ఈగ వ్రాలకుండ వేపనూనె పూయవలెను. పురుగులు పడినచో పశువైద్యునికి చూపవలెను.

తోకకొన చల్లబడి, ఎండి, నల్లబడినచో ఆలస్యము కూడదు. బూజుపట్టిన వరిగడ్డి మేపుటవలన తోకకొన, చెవులు, గిట్టలు కుళ్లు వ్యాధి యొకటి కలదు. పంజాబులోని యొక వాగు పేరిట దానిని దెగ్నాల యందురు. వెంటనే ఆ గడ్డిని మాన్పి పశువైద్యశాలకు తోలుకొని పోవలెను. తడిసిన గడ్డిని ఆఱబెట్టకుండ వామి వేయకుండుటయే దీనికి ముందుజాగ్రత్త.

ఈ పనులలో వ్యయమైనది లేదు. పెద్దలు తోక మెలిపెట్టుట మానినచో, ప్రక్కన కూర్చుండి పగ్గములు పట్టనేర్చు పిల్లవాడు ఆ పనిని నేర్వనే నేర్వడు.