పిల్లలు పుట్టకపోతే తప్పు టవర్‌దేనా?

పెళ్లై రెండు మూడేళ్లు దాటినా కడుపు పండకపోతే మన ఇళ్లల్లో ముందుగా ఆసుపత్రి మెట్లెక్కేది కోడలే. ఆవిడ స్కానింగులు, హార్మోను పరీక్షలు అన్నీ అయ్యాక కూడా కొడుకు దాకా మాట రాదు. వచ్చినా ఈమధ్య దానికో జవాబు సిద్ధంగా ఉంటోంది: వీధి చివర సెల్ టవర్, ప్యాంటు జేబులో ఫోను. తునిలోనైనా, తుని చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఈ భయం గట్టిగానే ఉంది. అందులో నిజమెంతో తేల్చుకోవాలి. టవర్‌ని తిట్టుకుంటూ గడిపేసే ఏళ్లు భార్య వయసులోంచే పోతాయి.

అపోహ: టవర్ దగ్గర కాపురముంటే మగవాళ్లకు పిల్లలు పుట్టరు.

ఎక్స్‌రేలు, గామా కిరణాలు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి జన్యు పదార్థాన్ని నేరుగా దెబ్బతీయగలవు. సెల్ తరంగాలకు అందుకు కావలసిన శక్తిలో లక్షో వంతు కూడా ఉండదు. మోతాదు మించితే అవి కణజాలాన్ని వేడెక్కిస్తాయి, అంతవరకు రుజువైంది. టవర్ల నుంచి వెలువడే తరంగాలకు మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే హద్దుగా పెట్టింది.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మన ఒంటికి ఎక్కువ తరంగాలు అందేది టవర్ నుంచి కాదు, ఒంటిని ఆనుకుని ఉన్న ఫోను నుంచి. టవర్ దగ్గరుంటే ఫోను తక్కువ శక్తితో పని కానిచ్చేస్తుంది. తునిలో రైలెక్కి సిగ్నల్ అందని చోటికి వెళ్లామంటే, దూరాన ఉన్నవాణ్ని గొంతెత్తి పిలిచినట్టు, అదే ఫోను తన శక్తినంతా పెడుతుంది. టవర్ వద్దని పట్టుబట్టి తరిమేసిన వీధిలో ప్రతి ఫోనూ ఇంకాస్త ఎక్కువగా తరంగాలు వదులుతుంది.

అపోహ: జేబులో ఫోనుంటే వీర్యకణాలు చచ్చిపోతాయని శాస్త్రం తేల్చేసింది.

తేల్చలేదు. ఏ హానీ లేదని కూడా తేల్చలేదు. 2008లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 361 మందిని పరిశీలిస్తే, ఫోను ఎక్కువసేపు వాడేవాళ్లలో వీర్యకణాల సంఖ్య, కదలిక తక్కువగా కనిపించాయి. కానీ వాళ్లంతా సంతాన సమస్యతో వైద్యానికి వచ్చినవాళ్లే. మరుసటి ఏడాది అక్కడే వీర్యాన్ని ప్రయోగశాలలో ఫోను పక్కన గంటసేపు ఉంచి చూశారు. అక్కడ మధ్యలో చర్మం లేదు, కండ లేదు, కాబట్టి ఆ ఫలితాన్ని ఒంటికి నేరుగా అన్వయించలేం.

2023లో వచ్చిన స్విట్జర్లాండ్ అధ్యయనం వీటికంటే పెద్దది. 18 నుంచి 22 ఏళ్ల యువకులు 2,886 మంది. రోజుకు 20 సార్లకు మించి ఫోను వాడేవారిలో మిల్లీలీటరుకు 4.45 కోట్ల కణాలు, వారానికోసారికి మించి వాడనివారిలో 5.65 కోట్లు. వాట్సాప్‌లో తిరిగే కబురు ఇక్కడితో ఆగిపోతుంది. ఫోను ప్యాంటు జేబులో పెట్టుకోవడానికీ ఈ తగ్గుదలకూ సంబంధం కనబడలేదని అదే అధ్యయనం చెప్పింది. 2జీ పోయి 4జీ వచ్చేకొద్దీ తేడా సన్నగిల్లిందనీ చెప్పింది. ఆ తక్కువ అంకె కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస ప్రమాణం 1.6 కోట్లకు ఎంతో పైనే ఉంది. ఎక్కువ మోతాదుకు గురిచేసిన మగ ఎలుకల్లో నష్టం కనిపించిన మాట నిజం, అందుకే పరిశోధన సాగుతోంది. ఈలోగా ఫోను బ్యాగులో పెట్టుకుంటే పోయేదేం లేదు.

అపోహ: ఫోను వెనక స్టిక్కరు అంటిస్తే రక్షణ.

డబ్బు దండగ. అది నిజంగా సిగ్నల్‌ని అడ్డుకుంటే ఫోను మరింత శక్తి వాడుతుంది.

ఒళ్లో లాప్‌టాప్ సంగతి వేరు. అక్కడ అనుమానించాల్సింది వైఫైని కాదు, వేడిని. వృషణాలు ఒంటి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. గంటసేపు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే అక్కడి వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగిందని 2005లోనే కొలిచి చెప్పారు. ఎండాకాలంలో హైవే మీద గంటల తరబడి లారీ సీట్లోంచి లేవని డ్రైవర్లు ఈ మాట పట్టించుకోవాలి.

సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం ఉంటుంది, పూర్తిగానో కొంతవరకో. ఆ కారణాల్లో కొన్ని: వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్, పొగతాగడం, మితిమీరిన మద్యం, అదుపులో లేని షుగర్, కండల కోసం జిమ్ముల్లో పొడిపించుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. ఈ చివరిది వీర్యకణాల తయారీనే ఆపేయగలదు, ఆ సంగతి తెలియకుండానే కుర్రాళ్లు వాడుతున్నారు. పుట్టుకతో వచ్చే జన్యు లోపాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2022లో అలాంటి లోపాలతో ముడిపడిన ఎనిమిది కొత్త జన్యువులను గుర్తించారు. ముందు 47 మందిలో వెతికి, తర్వాత దేశం నలుమూలల నుంచి సుమారు 1,500 మందిలో సరిచూసుకున్నారు. అలాంటి లోపమున్న మనిషికి టవర్ పీకేసినా ఒరిగేదేం లేదు.

భర్త చేయించుకోవాల్సిన మొదటి పరీక్ష వీర్య పరీక్ష. సూది గుచ్చరు, కోత ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. ఫలితం తక్కువగా వస్తే మళ్లీ ఒకసారి చేయించి చూడాలి. వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఈరోజు మానేసిన సిగరెట్టు ఫలితం ఆ తర్వాత చేయించే పరీక్షలోనే కనిపిస్తుంది.