విడిప్రతుల కట్ట

గణితశాస్త్రమున కృషిచేసిన పెద్దల యిండ్లలో పుస్తకముల బీరువా ప్రక్కన సన్నని చిన్న పుస్తకముల కట్టలు కొన్ని ఉండుట కలదు. ఒక్కొక్కటి పది, ఇరువది పుటలకు మించదు. గట్టి అట్టయైనను ఉండదు. తెలియనివారు వానిని పాతకాగితములనుకొందురు. ఆ పెద్దలు గతించిన పిదప మొదట తూకమునకు పోవునవియు అవియే. కాని పోయిన పిదప మరల సమకూర్చుకొనరానివి కూడ అవియే. వానిని గూర్చి తల్లిదండ్రులకు కొంత విన్నవింపదలచితిమి.

శాస్త్రపత్రికలో ఒకరి వ్యాసము అచ్చయినప్పుడు, ఆ పుటలను మాత్రము వేరుగా కుట్టి, ఇరువదియైదో, ఏబదియో ప్రతులు రచయితకు పంపుట చిరకాలము ఆచారముగా నుండెను. వీనిని ఇంగ్లీషున రీప్రింటులందురు. ఒకప్పుడు మన యానాములో పరిపాలనాభాషయైన ఫ్రెంచిలో ‘తిరే ఆ పార్’, అనగా ‘వేరుగా అచ్చుతీసినది’ అని పేరు. మనము విడిప్రతులనవచ్చును. రచయిత వానిని అదే విషయమున కృషిచేయు ఇతరులకు తపాలాలో పంపును. వారును తమవి పంపుదురు. ఇట్లు ముప్పది నలుబది యేండ్లు జరుగగా, పెక్కు దేశముల పత్రికలలో చెదరియున్న వ్యాసములు ఒక్కచోట చేరును.

పత్రికలు దొరకని చోట శాస్త్రము సాగదు. ఈ కొరతను తీర్చుకొనుటకు తెలుగునాట ఒక చిన్న ఊరినుండియే గొప్ప ప్రయత్నము జరిగినది. అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నుండిన వి. రామస్వామి అయ్యరు గారు, గణితాభిమానులైన మిత్రులకు లేఖలు వ్రాసి, 1907లో ‘అనలిటిక్ క్లబ్’ అను సంఘమును నెలకొల్పిరి. చందాలతో గణితగ్రంథములను, పత్రికలను తెప్పించి, తపాలాద్వారా సభ్యులకు అందించుట దాని ముఖ్యోద్దేశము. అదియే తరువాత భారతీయ గణిత సంఘమైనది. దాని పత్రికలోనే 1911లో శ్రీనివాస రామానుజన్ గారి మొదటి పరిశోధనవ్యాసము వెలువడినది.

పుటలు కొలదియైనంత మాత్రమున విలువ కొలది కాదు. తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు (1920–2023) ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి కలకత్తా చేరిరి. 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో వారు ప్రకటించిన వ్యాసము సుమారు పది పుటలు మాత్రమే. అయినను సంఖ్యాశాస్త్రమునకు అది పునాదిరాళ్లలో నొకటి. ఆ శాస్త్రమున మార్గదర్శకములైన వ్యాసములను కూర్చి 1992లో వెలువరించిన సంపుటమున దానికి స్థానము లభించినది.

వ్యాసము పత్రికలో ఉండనే యున్నది గదా, విడిప్రతి యేల? అని అడుగవచ్చును. పత్రికలో వ్యాసము మాత్రమే ఉండును. విడిప్రతిపై ‘రచయిత నమస్కారములతో’ అను చేవ్రాలు ఉండవచ్చును. అచ్చుతప్పును రచయితయే సిరాతో దిద్దియుండవచ్చును. పుచ్చుకొన్నవారు అంచున ఒక సందేహమును వ్రాసియుండవచ్చును. పుటల నడుమ ఉత్తరమొకటి మడిచియుండవచ్చును. ఎవరు ఎవరికి ఏమి పంపిరో, ఎవరినుండి ఏమి గ్రహించిరో ఆ కట్టయే చెప్పును. కట్ట విప్పి పంచినచో వ్యాసములు మిగులును గాని ఆ సంభాషణ మిగులదు. నేడు వ్యాసములు కంప్యూటరుద్వారా క్షణములో చేరుచున్నవి. విడిప్రతులను అచ్చువేయు ఆచారము చాలవరకు అంతరించినది. కనుక ఉన్న కట్టలే ఉన్నవి, క్రొత్తవి పుట్టుట అరుదు.

మన యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున తెలుగు మాటలాడు చిన్న భాగము. రాజధానికి వందల కిలోమీటర్ల దూరమున నున్నవారము. మన పెద్దల కాగితములను వెదకికొనుచు దూరమునుండి ఎవరో వత్తురని ఎదురుచూచుట తగదు. మన యిండ్లలో గణితజ్ఞుల విడిప్రతులు ఉండకపోవచ్చును. కాని ఉపాధ్యాయుల చేవ్రాత పాఠములు, పాత వాచకములు, బడుల వార్షిక సంచికలు, ఫ్రెంచి కాలపు పత్రములు ఉండవచ్చును.

కావున మూడు మనవులు. అట్టి కట్ట దొరకినప్పుడు తూకమునకు వేయక ముందు ఒక ఉపాధ్యాయునికి చూపుడు. అందలి వరుసను మార్చకుడు, నడుమ నున్న చీటీలను తీసివేయకుడు. అది ఎవరిదో, ఏ యింట ఏ సంవత్సరమున దొరకినదో ఒక కాగితముపై వ్రాసి పైన కట్టుడు. ఈ వ్రాతపని పిల్లలచేతనే చేయింపుడు. తాతగారు ఏమి చదివిరో, ఎవరితో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరో వారికి ఆ పనిలోనే తెలియును.