గోదావరి డెల్టాలో నీటి వినియోగదారుల సంఘాలు

నీటి వినియోగదారుల సంఘం అనగా ఒక పంటకాలువ కింద సాగుచేసే రైతులు తమలో కొందరిని ఎన్నుకొని, ఆ కాలువ నిర్వహణను చూసుకొనే చట్టబద్ధ సంస్థ. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి 1997 నాటి చట్టంతో ఏర్పడ్డాయి. పార్టీలవారీగా చీలిన గోదావరి డెల్టా గ్రామాలలో ప్రత్యర్థి వర్గాల రైతులు ఒకచోట కూర్చొని మాట్లాడుకొనేందుకు ఇవి ఒక వేదికను కల్పించాయి.

నేపథ్యం

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలోని సుమారు 10 లక్షల ఎకరాలకు నీరు అందుతుంది. ఎగువ రైతు ఎక్కువ నీరు మళ్ళించుకుంటే శివారు పొలం ఎండుతుంది. దిగువన మురుగు కాలువ గుర్రపుడెక్కతో, పూడికతో నిండితే సార్వాలో ఎగువ చేలు మునుగుతాయి. నదిలో నీరు తగ్గిన దాళ్వాలలో వంతులవారీగా నీరు వదలవలసి వస్తుంది. ఇరుగుపొరుగు పొలాలవారు ఏ పార్టీకి చెందినా ఈ వంతును ఒప్పుకోక తప్పదు. గ్రామంలోని మరే వ్యవహారంలోనూ ఇంతటి పరస్పర అవసరం కనిపించదు.

చట్టం

పూర్వం కాలువలు పూర్తిగా నీటిపారుదల శాఖ అధీనంలో ఉండేవి. లష్కరు మొదలు ఇంజనీరు వరకు అందరూ ప్రభుత్వోద్యోగులే. 1997 చట్టం ఆయకట్టును ప్రాదేశిక నియోజకవర్గాలుగా విభజించి, క్రింది స్థాయిలో నీటి వినియోగదారుల సంఘాలను, వాటిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీలను, ఆపైన ప్రాజెక్టు కమిటీలను నిర్దేశించింది. 1997 జూన్‌లో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా సంఘాలకు పార్టీ గుర్తులు లేకుండా ఎన్నికలు జరిగాయి. అంతకు కొద్దికాలం ముందే నీటితీరువా మూడు రెట్లకు పైగా పెరిగింది. తాము చెల్లించే సొమ్ము దేనికి ఖర్చవుతున్నదో అడిగే హక్కు రైతుకు దక్కడం చిన్న విషయం కాదు.

కౌలురైతులు

ఒకే భూమికి యజమాని, కౌలుదారు ఇద్దరూ నమోదై ఉంటే కౌలుదారునే సభ్యునిగా చట్టం పరిగణిస్తుంది. అయితే డెల్టాలో కౌలు అధికంగా నోటిమాట మీదనే సాగుతుంది. రికార్డులో పేరు లేనందున, రాత్రివేళ బోదె వద్ద కాపలా కాసే రైతుకు ఓటు ఉండదు. పట్టణంలో నివసించే భూస్వామికి ఉంటుంది. 2011, 2019 సంవత్సరాలలో కౌలుదారుల గుర్తింపునకు వేర్వేరు చట్టాలు వచ్చినా, రాతపూర్వక ఒప్పందానికి యజమానులు జంకుతూనే ఉన్నారు. సంఘాల ప్రాతినిధ్యంలో ఇదే అన్నిటికన్న పెద్ద లోపం.

పంట విరామం

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలలో వరి నాటకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు కాలువల దుస్థితి కూడా వారి ఫిర్యాదులలో ఉంది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది. పార్టీలకతీతంగా రైతులు ఏకమైన ఈ ఉద్యమం కాలువ సంఘాల ద్వారా కాక, విడిగా ఏర్పడిన రైతు సంఘాల ద్వారా నడవడం గమనార్హం.

రాజకీయ ప్రభావం

మరమ్మతు పనులు సంఘాల ద్వారా జరగడంతో అధ్యక్ష పదవికి గిరాకీ పెరిగి, గుర్తులు లేకున్నా పార్టీలు తెరవెనుక చేరాయి. 2015లో ఏకాభిప్రాయ పద్ధతిలో కమిటీలను ఏర్పరచారు. ఏకాభిప్రాయం రచ్చబండ వద్ద కుదిరితే రాజీ అవుతుంది, నాయకుని ఇంట కుదిరితే నియామకమవుతుంది. ఫలితాన్ని బట్టి రెండింటికీ తేడా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో చేతులెత్తే విధానాన్ని అనుసరించారు. రహస్య ఓటు లేని ఈ పద్ధతిలో ఎవరు ఎవరి పక్షమో ఎగువ, దిగువ రైతులందరికీ తెలిసిపోతుంది.