నడవాలో దొరికే జవాబులు

సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సదస్సులకు తరచూ వెళ్లేవారిలో ఒక అలవాటు కనిపిస్తుంది. వేదికపై ప్రసంగం సాగుతుండగానే కొందరు లేచి బయటికి వచ్చేస్తారు. టీ బల్ల దగ్గరో, మెట్ల మీదో ల్యాప్‌టాప్ తెరుచుకుని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. కొత్తవారికి ఇది ప్రసంగాలు ఎగ్గొట్టడంలా తోస్తుంది. అనుభవజ్ఞులు మాత్రం దీన్ని ‘హాల్‌వే ట్రాక్’ అని పిలుస్తారు, కార్యక్రమంలో ఒక భాగంగానే చూస్తారు. ప్రసంగాల వీడియోలు తర్వాతైనా చూసుకోవచ్చు. ఈ మాటలు మళ్లీ దొరకవు.

దీని వెనుక కొంత సామాజిక శాస్త్రం ఉంది. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ‘బలహీన బంధాల బలం’ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని, ఆ కబురు చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా అన్నవారు 17 శాతం లోపే. అప్పుడప్పుడూ అన్నవారు 55 శాతం దాటారు. మిగతావారు ఎప్పుడో తప్ప కలిసేవారే కాదు. రోజూ కలిసే స్నేహితులకు తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. వేరే గుంపులో తిరిగేవారే కొత్త సంగతి తెస్తారు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మందిపై జరిగిన ప్రయోగాల ఆధారంగా దీనికి చిన్న సవరణ చేర్చింది. బొత్తిగా పలచని పరిచయాల కంటే, ఓ మోస్తరు బలహీనమైనవే ఎక్కువగా అక్కరకొచ్చాయి. విజిటింగ్ కార్డులు పంచుకుంటూ పోవడం కంటే ఒకరితో పావుగంట కూర్చోవడం నయమని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఉద్యోగాల సంగతి అలా ఉంచితే, సాఫ్ట్‌వేర్ చిక్కులకూ ఇదే వర్తిస్తుంది. తెరపై ‘స్త్రీ’ అనే అక్షరం సరిగా కనిపించాలంటే మూడు చోట్ల పని జరగాలి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అనే ఆరు సంకేతాల వరుస. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో షేపింగ్ ఇంజిన్ అనే ప్రోగ్రామ్ తేలుస్తుంది. ఆకారాలు ఫాంట్‌లో ఉంటాయి. వీటిని వాడుకునే యాప్‌ను రాసేది మరొకరు. అక్షరం విరిగి కనిపిస్తే తప్పు ఎక్కడుందో ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియకపోవచ్చు. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ సంకేతాల మధ్య కంటికి కనిపించని మరో సంకేతం చేరిన ఒక వరుస ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. ఆపిల్ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. లిపి తెలిసినవారికి కోడ్ తెలియకపోవడం, కోడ్ రాసేవారికి లిపి తెలియకపోవడం మామూలే. అసలు సమస్య పేరే తెలియనప్పుడు ఇంటర్నెట్‌లో ఏమని వెతకాలి? పక్కనున్న మనిషికైతే ల్యాప్‌టాప్ తిప్పి చూపించవచ్చు.

అయితే అందరినీ ఒకే హాల్లోకి చేర్చినంత మాత్రాన మాటలు కలవవు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రామ్, మైఖేల్ మోరిస్ ఒక విందులో అతిథులకు ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించి, ఎవరు ఎవరితో మాట్లాడారో నమోదు చేశారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. కొత్తవారిని కలవాలనే ఉద్దేశంతో వచ్చినవారు కూడా పాత స్నేహితుల వైపే మొగ్గారు. ఏ పెళ్లి పందిట్లో చూసినా ఇది తెలిసేదే! కానీ సదస్సుకు ఒంటరిగా వచ్చిన విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. టికెట్టు, రైలు ఖర్చు పెట్టుకుని వచ్చి, గుంపుల వెనుక నిలబడి తిరిగి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

దీనికి ఎరిక్ హోల్షర్ అనే డెవలపర్ సూచించిన ‘పాక్‌మ్యాన్ నియమం’ చాలా సదస్సుల్లో వాడుకలోకి వచ్చింది. గుండ్రంగా నిలబడి మాట్లాడుకునేవారు ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. పాత వీడియో గేమ్‌లో నోరు తెరిచిన పసుపు బొమ్మలాగా. ఎవరైనా వచ్చి చేరితే, కాస్త జరిగి మళ్లీ ఖాళీ చేయాలి. ఖర్చులేని ఉపాయం.

2009లో బెంగళూరులో మొదలై, తర్వాత హైదరాబాద్‌లోనూ జరిగిన పైకాన్ ఇండియా లాంటి సదస్సుల్లో ‘డెవ్‌స్ప్రింట్’ అనే మరో ఏర్పాటు ఉంటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపేవారు, వాటిలో ఇంతకుముందు ఒక్క వరుస కూడా రాయనివారు కలిసి కూర్చుని పనిచేస్తారు. కొత్తవారి తొలి సవరణ వివరణ పత్రంలో అక్షరదోషం దిద్దడమే కావచ్చు. దాన్ని సరిచూసి చేర్చుకునే మనిషి మాత్రం పక్క కుర్చీలోనే ఉంటారు.