పని మీద వెళ్ళడం, పనికి వెళ్ళడం: స్వల్పకాల విదేశీ వ్యాపార పర్యటన

పరిచయం

కొంతకాలం క్రితం వరకు కదిరి, ధర్మవరం ప్రాంతాల్లో ఒక మనిషి విదేశానికి వెళ్ళాడంటే కువైట్‌కో సౌదీకో రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళాడనే అనుకునేవారు. ఇంట్లో అప్పుచేసి పంపేవారు. రెండేళ్ళకు గాని మనిషి ముఖం కనిపించేది కాదు. ఇప్పుడు అదే ప్రాంతం నుంచి ఇంకో రకం ప్రయాణం కూడా సాగుతోంది. వెళ్ళేది పది రోజులకు. ఖర్చు కంపెనీది. జీతం ఎప్పటిలాగే ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దీనికి ముఖ్య కారణం పెనుకొండ. 2017 ఏప్రిల్‌లో కొరియాకు చెందిన కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం నిర్మించింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కార్ల ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల ఈ కర్మాగారం వెంట మోబిస్, సుంగ్‌వూ హైటెక్ వంటి విడిభాగాల సంస్థలూ వచ్చాయి. ఇటువంటి సంస్థల్లో పనిచేసే డిప్లొమా, ఇంజినీరింగ్ చదివిన యువకులకు కొరియా ప్రయాణం తటస్థపడుతుంది. హిందూపురం పారిశ్రామికవాడల్లోని చిన్న యజమాని యంత్రాలు చూడటానికి చైనా వెళ్తాడు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ప్రదర్శనకో, కొనుగోలుదారులను కలవడానికో మరో దేశం వెళ్తాడు. దేవనహళ్ళి విమానాశ్రయం హిందూపురానికి దగ్గరే కాబట్టి విమానం ఎక్కడం పెద్ద సమస్య కాదు. దిగిన తరవాతే అసలు ప్రశ్న ఎదురవుతుంది: మీరు ఏ పని మీద వచ్చారు?

ఆ ప్రశ్నకు చట్టరీత్యా ఎందుకంత ప్రాధాన్యం ఉందో, దానికి తగినట్టు కాగితాలు, డబ్బు, సామాను ఎలా సిద్ధం చేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుంటారు.

ఒక మాట తెచ్చిన చిక్కు

నా దగ్గర చదువుకున్న ధర్మవరం కుర్రవాడు ఒకడు ఒక విడిభాగాల యూనిట్‌లో నాణ్యత తనిఖీ విభాగంలో చేరాడు. మూడు రోజుల ముందు చెప్పి అతన్ని పన్నెండు రోజుల పర్యటనకు ఒక తూర్పు ఆసియా దేశానికి పంపారు. వీసా కంపెనీయే తెప్పించింది. అందులో ఏముందో అతను చదవలేదు, ఎవరూ చదివి చెప్పలేదు. అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారి ఎందుకు వచ్చావని అడిగితే, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో 'వర్క్' అన్నాడు. ఎంతకాలం అంటే పన్నెండు రోజులన్నాడు. జీతం ఎవరిస్తారంటే కంపెనీ అన్నాడు. ఏ కంపెనీయో చెప్పలేదు. అతన్ని పక్క గదిలో కూర్చోబెట్టారు. ఆహ్వానించిన సంస్థ మనిషి ఫోన్ ఎత్తేసరికి నాలుగు గంటలు గడిచాయి. "సార్, నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు" అన్నాడు తిరిగొచ్చాక. నిజమే. చిక్కంతా అనువాదంలో ఉంది.

తెలుగులో మనం రెండు మాటలు వాడతాం. 'పని మీద వచ్చాను' అంటే ఏదో వ్యవహారం చక్కబెట్టుకోవడానికి వచ్చానని. 'పనికి వచ్చాను' అంటే కూలికో, కొలువుకో వచ్చానని. ధర్మవరం నుంచి అనంతపురం కలెక్టరాఫీసుకు వెళ్ళినవాడు పని మీద వెళ్ళినట్టు. మగ్గం నేయడానికి వెళ్ళినవాడు పనికి వెళ్ళినట్టు. ఇంగ్లీషులో 'వర్క్' అనే ఒక్క మాట అంటే, అధికారి చెవికి అది రెండో అర్థంలోనే వినిపిస్తుంది. మొదటి అర్థానికి వాళ్ళు వాడే మాట 'బిజినెస్'. ప్రపంచ దేశాల వీసా చట్టాలు చాలావరకు ఈ రెండు మాటల మధ్య గీతనే నానా రకాలుగా గీస్తాయి.

వ్యాపార సందర్శకుడు ఎవరు?

1995 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సేవల వ్యాపార సాధారణ ఒప్పందం, అంటే మనం గాట్స్ అని పిలిచేది, దేశాల మధ్య సేవలు నాలుగు పద్ధతుల్లో అందుతాయని చెబుతుంది. కొరియాలోని ఇంజినీరు గీసిన డిజైన్ ఇ-మెయిల్‌లో పెనుకొండకు రావడం మొదటిది. విదేశీ విద్యార్థి బెంగళూరు వచ్చి చదువుకోవడం రెండోది. కొరియా బ్యాంకు చెన్నైలో శాఖ తెరవడం మూడోది. కొరియా నిపుణుడు స్వయంగా వచ్చి యంత్రం సంగతి చూడటం నాలుగోది. మనకు కావలసింది ఈ నాలుగో పద్ధతి. ఇందులో మనిషే సరిహద్దు దాటుతాడు. కాని అతను ఆ దేశపు ఉద్యోగ మార్కెట్‌లో చేరడు. ఒప్పందానికి చేర్చిన అనుబంధం ఈ మాటను ప్రత్యేకంగా చెప్పింది: ఉద్యోగం, పౌరసత్వం, శాశ్వత నివాసం కోరి వచ్చేవారికి ఇది వర్తించదు.

కాబట్టి వ్యాపార సందర్శకుడికి సాధారణంగా మూడు గుర్తులు ఉంటాయి. అతని యజమాని స్వదేశంలోనే ఉంటాడు. జీతం స్వదేశం నుంచే వస్తుంది. అక్కడ అతను చేసేది చర్చ, పరిశీలన, బేరం, ఒప్పందం వంటివి. ఎన్ని రోజులున్నాడన్నది దీన్ని తేల్చదు. చాలామంది విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. కొరియా వీసాలనే చూడండి. సి-3-4 అనేది స్వల్పకాల వ్యాపార సందర్శనకు, సి-4 అనేది స్వల్పకాల ఉపాధికి. రెండింటికీ గరిష్ఠ గడువు 90 రోజులే. తేడా చేసే పనిలో ఉంది, రోజుల్లో లేదు.

ఈ గీత తెలియకపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరు 4న కొరియా వాళ్ళకే తెలిసొచ్చింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఎలబెల్‌లో హ్యుందాయ్, ఎల్‌జీ సంస్థలు కలిసి కడుతున్న బ్యాటరీ కర్మాగారం మీద ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడిచేసి 475 మందిని నిర్బంధించారు. వారిలో మూడు వందలకు పైగా దక్షిణ కొరియన్లు. చాలామంది బి-1 వ్యాపార వీసా మీదనో, వీసా లేకుండా స్వల్పకాలం ఉండే అనుమతి మీదనో వచ్చినవారు. సంకెళ్ళతో వారిని తీసుకెళ్తున్న దృశ్యాలు కొరియా అంతటా కలకలం రేపాయి. వారం తరవాత ప్రత్యేక విమానంలో ఇంటికి చేరారు. విచిత్రమేమిటంటే, బయటి దేశం నుంచి కొన్న యంత్రాన్ని బిగించడానికి, మరమ్మతు చేయడానికి, స్థానికులకు నేర్పడానికి బి-1 చెల్లుతుందని అమెరికా నిబంధనల్లోనే ఉంది. కట్టడం పనికి మాత్రం చెల్లదు. యంత్రం బిగించడం ఎక్కడ ముగిసి, కర్మాగారం కట్టడం ఎక్కడ మొదలవుతుందో తేల్చడం ఆ రోజు ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ నెలాఖరున జరిగిన చర్చల్లో బిగింపు, మరమ్మతు పనులకు బి-1 చెల్లుతుందని అమెరికా మళ్ళీ ధ్రువపరచవలసి వచ్చింది.

మన దేశమూ ఇదే గీత గీసింది. 2009లో, ప్రాజెక్టు పనులు చేసే విదేశీయులకు వ్యాపార వీసా చాలదు, ఉద్యోగ వీసా ఉండాలని భారత ప్రభుత్వం స్పష్టం చేసింది. అప్పుడు ఇబ్బంది పడినవారిలో ఎక్కువమంది విద్యుత్ ప్రాజెక్టుల మీద ఉన్న చైనా సిబ్బంది. మరోవైపు, 2018 అక్టోబరు 1 నుంచి దక్షిణ కొరియా పౌరులకు బెంగళూరుతో సహా ఆరు విమానాశ్రయాల్లో దిగిన చోటే వీసా ఇస్తున్నాం. వ్యాపార చర్చలకు వచ్చేవారికీ అది వర్తిస్తుంది, 60 రోజుల వరకు.

ఆలోచించండి: ధర్మవరం వ్యాపారి ఒకరు విదేశంలో ప్రదర్శనకు ముప్పై చీరలు తీసుకెళ్ళాడు. మొదటి రోజు చూపించి ఆర్డర్లు రాసుకున్నాడు. రెండో రోజు నలుగురు అడిగారని అయిదు చీరలు అక్కడికక్కడే అమ్మాడు. మూడో రోజు ప్రదర్శన నిర్వాహకులు డబ్బిస్తామంటే మగ్గం మీద నేసి చూపించాడు. పై మూడు గుర్తుల ప్రకారం ఏ రోజు అతను గీత దాటాడు? ఒక్కసారేనా, రెండుసార్లా?

కాగితాలు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆహ్వాన పత్రం. ఆహ్వానించే సంస్థ తన లెటర్‌హెడ్ మీద రాయాలి. ఎవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎక్కడికి, ఏం చేయడానికి వస్తున్నారు, ఖర్చు ఎవరిది, అక్కడ బాధ్యత వహించే మనిషి ఎవరు, అతని ఫోన్ నంబరేమిటి అన్నవి అందులో ఉండాలి. 'వ్యాపార వ్యవహారాల నిమిత్తం' అని ఒక్క ముక్క రాసి పంపే ఆహ్వానాలు నేను చాలా చూశాను. అవి పనికిరావు. 'వెల్డింగ్ నాణ్యత ప్రమాణాలపై చర్చ, ఉత్పత్తి శ్రేణి పరిశీలన' అని ఉంటే అధికారికి అర్థమవుతుంది, మీకూ ఏం చెప్పాలో తెలుస్తుంది. దీనికి జోడుగా ఇక్కడి యజమాని ఇచ్చే లేఖ కూడా ఉండాలి: ఇతను మా ఉద్యోగి, జీతం మేమే ఇస్తాం, ఫలానా తేదీకి తిరిగి వస్తాడు అని. రెండు లేఖల్లోనూ మాట ఒకటే ఉండాలి. కాగితం మీద తీసుకెళ్ళండి, ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోవద్దు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఈ లేఖలు చూపించమని పైవారిని అడగడానికి జంకుతారు. అడగాలి. ప్రవేశం నిరాకరిస్తే ఆ సంగతి నమోదయ్యేది మీ పేరు మీద. తరవాత చాలా దేశాల వీసా దరఖాస్తులో 'ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా' అనే గడి ఉంటుంది. ఆ గడిని జీవితాంతం నింపవలసింది మీరు.

మన ప్రాంతంలో మరో తలనొప్పి ఇంటిపేరు. బడి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. దుబాయ్ మీదుగా వెళ్ళేవారైతే మరీ ముందుగా విమాన సంస్థను అడిగి తెలుసుకోవాలి. ఆహ్వాన పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఆ వరసలోనే ఉండాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండటం క్షేమం. కొరియా ప్రయాణాల విషయంలో దక్షిణాదికి దగ్గరి కాన్సులేట్ జనరల్ చెన్నైలో ఉంది.

డబ్బు, సామాను

విదేశీ మారక నిర్వహణ చట్టం కింద వ్యక్తి సొంతంగా ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపవచ్చు, వాడవచ్చు. కంపెనీయే ఖర్చు భరించి పంపే ఉద్యోగికి ఆ మొత్తం ఈ పరిమితిలోకి రాదు. సొంత వ్యాపారం చేసుకునే హిందూపురం యజమానికి వస్తుంది. చాలా దేశాలకు నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి తీసుకెళ్ళకూడదు. మిగిలింది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మన రూపాయలు 25,000 వరకు జేబులో ఉంచుకోవచ్చు. తిరిగొచ్చాక బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి అవే పనికొస్తాయి.

నమూనాల సంగతి వేరు. చీరలు, పట్టు నూలు, విడిభాగాలు వంటివి 'గిఫ్టులు' అని చెప్పి దాటించే అలవాటు కొందరికి ఉంది. ఒకే రకం చీరలు పదున్న పెట్టెను చూసి ఏ కస్టమ్స్ అధికారీ గిఫ్టులని నమ్మడు. చూపించి వెనక్కి తెచ్చే సరుకుకు ఏటీఏ కార్నె అనే పత్రం ఉంది. దాన్ని అంగీకరించే దేశాల్లోకి సుంకం చెల్లించకుండా తాత్కాలికంగా సరుకు తీసుకెళ్ళవచ్చు, గడువు ఏడాది వరకు. మన దేశంలో దీన్ని జారీచేసేది ఫిక్కీ. కొరియా కూడా దీన్ని అంగీకరిస్తుంది. జాబితాలో రాసిన ప్రతి వస్తువూ తిరిగి రావాలి. ఒక్క చీర అక్కడే అమ్ముడైనా సుంకం కట్టాలి.

అక్కడ ఉన్న రోజులు

కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదికి సమావేశం అంటే మన శరీరానికి అయిదున్నర. మొదటి రోజున ముఖ్యమైన చర్చ పెట్టుకోకుండా చూసుకోవాలి. తేదీలు ఖాయం చేసేముందు సొల్లాల్, చుసొక్ పండుగలు చూసుకోండి. ఇవి చాంద్రమానం ప్రకారం వస్తాయి కాబట్టి మన ఉగాదిలాగే ఏటా మారతాయి. ఆగస్టు మొదటి వారం చుట్టుపక్కల కార్ల కర్మాగారాలు వేసవి సెలవులు తీసుకుంటాయి.

విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. మన పెద్దలకు తాంబూలం ఇచ్చే పద్ధతి గుర్తుంటే చాలు. తీసుకున్న కార్డును చూడకుండా జేబులో వేయడం మర్యాద కాదు. అక్కడ ఇంటిపేరే ముందుంటుంది. కిమ్, లీ, పార్క్ అనేవి ఇంటిపేర్లు. ఒకే గదిలో ముగ్గురు కిమ్‌లు ఉండవచ్చు కాబట్టి హోదాతో పిలుస్తారు. విభాగాధిపతిని 'బుజాంగ్', అంతకు కింది అధికారిని 'గ్వాజాంగ్' అంటారు. చివర 'నిమ్' చేరిస్తే మన 'గారు' చేర్చినట్టు. వయసుకూ హోదాకూ వారిచ్చే విలువ మనకు కొత్తేమీ కాదు. పై అధికారి ఉన్నచోట కిందివాడు నేరుగా 'కాదు' అనకపోవడమూ మనం ఎరిగినదే. అందుకే వారి మౌనాన్ని అంగీకారం అనుకోకుండా, సాయంత్రం ఇ-మెయిల్‌లో అడిగి ఖాయం చేసుకోవాలి.

శాకాహారులకు తిండి కష్టం. కూరగాయల పులుసులా కనిపించేది చేపల కషాయంతో కాచి ఉంటుంది, కిమ్చిలోనూ చేపల సారం కలుస్తుంది. ఆహ్వానించినవారికి ముందే రాయడం ఉత్తమం, మొహమాటపడి ఖాళీ కడుపుతో సమావేశంలో కూర్చోవద్దు. పొడులు, అటుకులు పట్టుకెళ్ళవచ్చు. పచ్చి పండ్లు, విత్తనాలు, మాంసం పెట్టెలో పెట్టకూడదు. రోజూ వేసుకునే మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి.

ఇక జాగ్రత్తపడవలసిన ఘట్టం ఒకటుంది. మీరు శ్రేణి పక్కన నిలబడి చూస్తుంటారు. మనిషి తక్కువై అక్కడి సూపర్‌వైజరు, కాసేపు ఆ స్టేషన్ దగ్గర నిలబడమంటాడు. మన పిల్లలు కాదనలేరు, పైగా ఉత్సాహపడతారు. వీసాలో రాసింది పరిశీలన అయితే, ఉత్పత్తిలో చేయి కలపడం గీత దాటడమే. మా ఆఫీసును అడిగి చెబుతానని మర్యాదగా తప్పుకోవచ్చు.

తిరిగి వచ్చాక

బోర్డింగ్ పాసులు, హోటల్ రసీదులు, ఆహ్వాన పత్రం ఒకే కవరులో భద్రపరచండి. ఖర్చుల లెక్కకే కాదు, తరవాతి వీసాకూ అవి ఆధారం. మిగిలిన విదేశీ నోట్లను 180 రోజుల్లోగా బ్యాంకుకు గాని, అనుమతి ఉన్న మారకందారుకు గాని తిరిగి అమ్మాలి. 2,000 డాలర్ల వరకు తరవాతి ప్రయాణానికి ఉంచుకోవచ్చు. కొరియా వాన్ నాణేలను మాత్రం ఇక్కడ మార్చుకోవడం కష్టం. వాటిని అక్కడి విమానాశ్రయంలోనే ఖర్చుపెట్టి రండి.